ఎవరిని చూచి నవ్వవలెను?

తెనాలిలో మార్కెట్టుకు దగ్గరగా, ఇరుకైన మెట్లెక్కి పోవలసిన ఒక మేడమీది ఫొటో స్టూడియోలో మా కుటుంబమంతయు కూడి పటము తీయించుకొన్న దినమున, నల్లగుడ్డలోనుండి తల బయటికి తీసిన ఫొటోగ్రాఫరు చేయి పైకెత్తి "స్మైల్ ప్లీజ్" అనగా, నడుమ కుర్చీలో చేతికఱ్ఱ మోకాళ్ళ మధ్య నిలుపుకొని కూర్చున్న మా తాతగారు నావైపు తిరిగి "ఏమంటాడ్రా?" అని అడిగిరి. నేనప్పుడు ఐదవ తరగతి. ఇంగ్లీషు వచ్చిన గర్వముతో "నవ్వమంటున్నాడు తాతయ్యా" అంటిని. ఆయన ఆ మనిషిని, వెనుక తెరమీద రంగులతో వ్రాసిన రాజభవనమును, కాగితపు పూలకుండీని ఒకమారు పరికించి, "ఎవర్ని చూసి?" అనిరి. అందఱును గొల్లుమనిరి, ఆ గొల్లులోనే మీట పడినది. పటములో మేమందఱము పండ్లు కనబఱచుచున్నాము, తాతగారు తప్ప.

ఆ పటము ఇప్పటికిని మా ముందుగదిలో ఉన్నది. దానిని చూచినప్పుడెల్ల ఆయన ప్రశ్నలో హాస్యము కంటె వ్యాకరణమే ఎక్కువగా ఉన్నదని నాకు తోచుచుండును. ఫొటోగ్రాఫరు కోరినది ఒకటి, నేను తెలుగు చేసినది వేఱొకటి. అతడు పెదవులు రవంత సాగించి మొగము విప్పార్చుమనెను, నేను నవ్వుమంటిని. తెలుగున నవ్వుటకు కారణ ముండవలెను, తఱచుగా ఒక బలిపశువు కూడ ఉండవలెను. "నలుగురూ నవ్వుతారు" అని పిల్లలను అదలించునపుడు ఆ నలుగురును ప్రసన్నవదనులై ఎదురుకోలు పలుకుదురని ఎవరును తలంపరు గదా. నవ్వు నాలుగు విధముల చేటను సామెతలోని నవ్వు చిఱునవ్వు కాదు; నవ్విన నాపచేనే పండునను సామెతలో ఆ చేనిని చూచి నవ్వినవారు రైతునకు ఆప్తులు కారు. ఒక్క "నగు" ధాతువు నుండియే భగవంతుని మొగమునకు చెప్పు నగుమోము అను మాటయు, పరువుపోయినవాని దశకు చెప్పు నగుబాటు అను మాటయు పుట్టి, ఒకే యింట పెరిగిన అన్నదమ్ములలో ఒకడు గుడికిని ఒకడు కోర్టుకును పోయినట్లు, తమ తమ దారులు తాము పట్టినవి.

ఈ చిక్కు పుస్తకములలోనిది కాదు. తెనాలి నుండి రేపల్లెకు పోవు ప్యాసింజరు బండిలో, వేమూరు దాటిన పిదప, ఎదుటి బల్లమీది ఇద్దఱు స్త్రీల మాటలు ఒకనాడు నా చెవిని బడినవి.

"పెళ్ళిలో నన్ను చూసి నవ్వింది వదినా."

"నవ్వితే మంచిదేగా. నువ్వూ పలకరించాల్సింది."

"ఆ నవ్వు కాదొదినా. పక్కదాని చెవిలో ఏదో ఊది, నా చీర వంక చూసి నవ్వింది."

"అట్లా చెప్పు మరి! నేనింకా స్మైల్ ఇచ్చిందనుకున్నా."

భట్టిప్రోలులో బండి ఆగినది. వారి సంభాషణ వేరుసెనగకాయల బేరములోనికి మరలినది. ఆ వదినగారు చదివినది ఎంతవఱకో నే నెఱుఁగను గాని, ఆ ఇంగ్లీషు మాటను ఆమె షోకునకై వాడలేదు. ఇంటిలో ఉన్న ఒక్క గరిటెతో పులుసును పాయసమును కూడ వడ్డింపలేక పొరుగింటి గరిటెను తెచ్చుకొన్నట్లు, "నవ్వు" అను ఒక్క మాటతో రెండు మొగములను చెప్పలేక రెండవ మాటను తెచ్చుకొన్నది. పరభాషాపదములను గూర్చి మనము ఆవేదనపడునపుడు, అవి ఏ ఖాళీలో వచ్చి కూర్చున్నవో చూచుట మంచిది.

చిఱునవ్వు ఉన్నది గదా అని పాఠకులు అడుగవచ్చును. ఉన్నది. చిఱునగవు, లేనగవు, మొలకనవ్వు, ముసిముసినవ్వు కూడ ఉన్నవి. కాని ఇవన్నియు నవ్వునకు పుట్టిన పిల్లలే. పెద్దనవ్వును ముందుపెట్టుకొని దానిని కుదించి చెప్పిన మాటలే. ఈ పద్ధతి మనది మాత్రమే కాదు. తమిళుడు పున్నగై అనును, అనగా అల్పమైన నవ్వు. కన్నడిగుడు ముగుళ్నగె అనును, అనగా మొగ్గనవ్వు. వానికది మొగ్గ, మనకది మొలక. ఫ్రెంచివారి సూరీర్ అను మాటకు మూలమైన లాటిను పదమునకు "నవ్వునకు అడుగుననున్నది" అని అర్థము. జర్మనులు నవ్వు అను మాటకే చిన్నదనమును తెలుపు ప్రత్యయమును తగిలించి పని గడుపుకొందురు. ఇన్ని జాతుల వారికిని చిఱునవ్వు నవ్వునకు బిడ్డయే. ఇంగ్లీషువారు మాత్రము అట్లు కాక, నవ్వుటకు లాఫ్ అను మాటను, దీనికి దానితో ఏ సంబంధమును లేని స్మైల్ అను మాటను ఉంచుకొనిరి. వారి భాష మన భాష కంటె గొప్పదని ఇందువలన తేలదు. ఆ ఒక్క అరలో వారికి రెండు గరిటెలున్నవని మాత్రము తేలును. నగలు, నగవు తెలుగున పక్కపక్కనే ఉండగా, తమిళమున నగై అను ఒక్క మాటయే నవ్వునకును ఆభరణమునకును చెల్లుచున్నదని తలంచినప్పుడు, మన మాటకును ఉన్న సంపద తక్కువది కాదని తోచును.

ఇక ఆ స్మైల్ చరిత్ర. ఇది ఇంగ్లీషున ఆదినుండి ఉన్న మాట కాదు. క్రీ.శ. 1300 ప్రాంతమున అది వ్రాతలలో కనబడును; డేనిషు, స్వీడిషు భాషలలో దీనిని పోలిన మాటలుండుటచేత, ఉత్తరసముద్రపు ఆవలి గట్టునుండి వచ్చినదై యుండునని పండితులందురు. కాని ఈ కథలో మనకు కావలసిన భాగము ఇంకను వెనుకనున్నది. ఆ జర్మానిక పదములకును, సంస్కృతములోని స్మి ధాతువునకును మూలము ఒక్కటియే. స్మితము, సుస్మితము, మందస్మితము అని మనము శ్లోకములలోను ఆడపిల్లల పేర్లలోను వాడుకొనుచున్న మాటకు తోబుట్టువే, పశ్చిమమున వేలయేండ్లు తిరిగి, వేషము మార్చుకొని, స్టూడియో మేడమీద "స్మైల్ ప్లీజ్" అని పలుకరించినది. నాడు నేను తాతగారితో "స్మితము చేయమంటున్నాడు" అనియుంటినేని, అర్థమునకును ధ్వనికిని కూడ అనువాదము సరిపోయెడిది; ఆయన సంధ్యావందనము చేయువారు గావున ప్రశ్న వేయకుండెడివారేమో. ధాతుపాఠమున స్మి ధాతువునకు ఈషద్ధసనము, అనగా కొంచెముగా నవ్వుట, అని అర్థము చెప్పుట మాత్రము నాకు చమత్కారముగా ఉండును; వేఱు మాట ఉండియు, దానిని వివరింపవలసివచ్చునప్పటికి, వారును మనవలెనే పెద్దనవ్వు దగ్గఱకే పోవలసివచ్చినది.

ఈ స్మి ధాతువునకు వి అను ఉపసర్గము చేరిన విస్మయము. ఆశ్చర్యపడినవాని మొగమున చిఱునవ్వు నీడ ఒకటి తారాడుట మనము చూడనిది కాదు. లాటినున ఆశ్చర్యకరమను అర్థమునగల మీరుస్ అను మాటయు ఈ కుదురునకే చెందినదని భాషావేత్తల అభిప్రాయము; దానినుండి ఇంగ్లీషునకు మిరకిల్, అడ్మైర్ అనునవి వచ్చినవి, ఆ వెనుకనే మిర్రర్, అనగా అద్దము, వచ్చినది. స్మితము, విస్మయము, మహిమ, మెప్పు, అద్దము: ఈ ఐదును ఒక వంశవృక్షపు కొమ్మలని తెలిసిన దినమున నేను చేతిలోని పుస్తకము మూసి, గోడమీది అద్దమును కొంతసేపు చూచితిని. ఏమి మొగము పెట్టితినో జ్ఞాపకము లేదు.

స్మైల్ రాకముందు ఇంగ్లీషువారు నవ్వుమొగమునకు ఏమనెడివారు? వేయేండ్లనాటి ప్రాచీనాంగ్లమున స్మియర్కియన్ అను క్రియ ఉండెను. అప్పుడు దానికి చిఱునవ్వు నవ్వుట అనియే అర్థము; దోషమేమియు లేదు. స్మైల్ వచ్చి పెద్దపీట వేసుకొనగా, పాతది స్మర్క్ అను రూపమున మూలకు ఒదిగి, క్రమముగా, తానే గెలిచితినని ఒకవైపు పెదవి వంచు ఆత్మతృప్తుని నవ్వునకు, మనము వెకిలినవ్వు అనుదానికి దగ్గఱగా ఉన్నదానికి, పేరై దిగజాఱినది. మాటలకు ఇట్టి పతనము కలుగుట మన భాషలోను కలదు. వేదము చదివినవాడు ఛాందసుడు, నేడు చాదస్తుడు. కంపు ఒకనాడు పూలకును ఉండెడిది. నేడు మురికికాలువకు మాత్రమే ఉన్నది. స్వామిని అను మాట సానియై ఏ వీథికి చేరినదో చెప్పనక్కఱలేదు. దీనికి విరుద్ధముగా ఇంగ్లీషున పైకెక్కిన మాట గ్రిన్ అనునది. మొదట దాని యర్థము బాధతోనో కోపముతోనో పండ్లు కనబఱచుట. నేడు సంతోషముతో పండ్లు కనబఱచుట. పండ్లు మాత్రము అవియే. మన పండ్లికిలించుట ఇంకను ఆ మెట్లు ఎక్కలేదు, "ఏంటా ఇకిలింపు?" అని అడిగినవారిని ఎవరును మెచ్చుకొన్నారని భావింపరు.

నవ్వుల కొలతలు తీసినవారిలో భరతమునికి ముందు కూర్చుండదగినవారు నాకు కనబడలేదు. నాట్యశాస్త్రము ఆఱవ అధ్యాయమున ఆయన నవ్వును ఆఱుగా విభజించెను: స్మితము, హసితము ఉత్తములకు, విహసితము, ఉపహసితము మధ్యములకు, అపహసితము, అతిహసితము అధములకు. స్మితమున చెక్కిళ్ళు కొంచెముగా వికసించును, చూపు చక్కగా ఉండును, పండ్లు కనబడవు. హసితమున పండ్లు కొంచెముగా కనబడును. ముక్కుపుటములు విప్పారి, చూపు వంకరయై, తలయు భుజములును వంగినచో ఉపహసితము; పెళ్ళిలో చీరను చూచి నవ్విన ఆమెది ఇదియే కావలెను. చివఱిదానిలో కండ్ల నీళ్ళు వచ్చి, ధ్వని మిన్నుముట్టి, చేతులతో ప్రక్కలు పట్టుకొనవలసివచ్చును. ఈ ఉత్తమ మధ్యమ అధమ విభాగము నాకు రుచింపదు. ప్రక్కలు పట్టుకొని నవ్వగలవాడు అధముడైనచో మా వీథిలో ఉత్తములు ముగ్గుఱు కూడ మిగులరు. కాని పరిశీలన మాత్రము సూదిమొనవంటిది. స్మితమునకు పెదవులతోపాటు చెక్కిలిని, చూపును చెప్పుట చూడుడు. 1862లో డ్యుషెన్ అను ఫ్రెంచి వైద్యుడు ఒక వృద్ధుని మొగముమీద విద్యుత్తు ప్రయోగించి, పెదవికొనలను పైకిలాగు కండరము మన యిచ్చకు లోబడుననియు, కంటిచుట్టునున్న కండరము నిజమైన ఆనందమునకు గాని కదలదనియు వ్రాసెను. ఆ ప్రయోగముల ఛాయాచిత్రములను డార్విను 1872లో ముఖభావములను గూర్చి తాను ప్రకటించిన గ్రంథమున వాడుకొనెను. నాట్యాచార్యుడు కంటితో చూచి చెప్పినదానికి వైద్యుడు తీగలు తగిలించి సాక్ష్యము పలికెను.

భరతుడు ఎనిమిదవ అధ్యాయమున ముఖరాగమును, అనగా మొగపు రంగును, నాలుగు విధములుగా చెప్పెను: స్వాభావికము, ప్రసన్నము, రక్తము, శ్యామము. ఇది చదివి మన పల్లెలలోని పలుకుబళ్ళను తలంచుకొనుడు. ఒకని మొగము విప్పారును, ఒకని మొగము జేవురించును, ఒకని మొగము మాడిపోవును. శాస్త్రమును కంటితో చూడని ముసలమ్మ కూడ "దాని మొహం కందగడ్డైంది" అని రక్తమును, "వాడి మొహం మాడిపోయింది" అని శ్యామమును పొరపాటు లేకుండ చెప్పగలదు. ఈ అరలో మాత్రము గరిటెలకు మనకు లోటు లేదు.

ఈ విద్యను జీవనముగా చేసికొన్న మహానటుడు మన సీమవాడే. భావనారాయణస్వామి వెలసినందున భావపురియై, వాడుకలో బాపట్లయైనదని చెప్పు ఊరిలో, 1902లో స్థానం నరసింహారావుగారు జన్మించిరి. ఆ భావ శబ్దము దేవునిదే గాని నటునిది కాదని నేనెఱుఁగుదును. అయినను ఊరిపేరు ఊరకపోయినదని అనబుద్ధి కాదు. హరిశ్చంద్ర నాటకమున చంద్రమతి వేషధారి రాకపోవుటచేత ఆ వేషము కట్టి బాపట్లలో రంగమెక్కిన ఆ యువకుడు, పిదప తెనాలి శ్రీరామవిలాస సభలో చేరి, సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారగా, మధురవాణిగా తెలుగుదేశమంతట తిరిగెను. 1956లో పద్మశ్రీ వచ్చినది; 1971లో ఆయన కాలధర్మము చెందిరి. తన యనుభవములను "నటస్థానం" అను పుస్తకముగా వ్రాసి యుంచిరి.

ఒక పురుషుడు అద్దము ముందు కూర్చుండి సత్యభామ యగుట యనునది కేవలము చీరతోను సవరముతోను అగుపని కాదు. పూర్వపు వేషధారులు అరదళము పూసి మొగమును పచ్చగా చేసికొనువారు. కనుబొమలకు, కంటికొనలకు కాటుక దిద్దువారు. "మొహానికి రంగేసుకున్నాడు" అనినచో నటుడైనాడనియే మన వాడుక. రంగు కావలసినది అందమునకు మాత్రమే కాదు, దూరమునకు. పందిరి చివఱ చాపమీద కూర్చున్నవానికి స్మితము కనబడవలెను. ఆ నవ్వేమో భరతుడు చెప్పినట్లు పండ్లైనను కనబడనిది! అందుచేత నటుడు దానిని పెదవిమీద ఉంచక కనుబొమకు, మెడవంపునకు, పైటకొంగు పట్టుకొన్న వ్రేళ్ళకు పంచిపెట్టవలెను. శ్రీకృష్ణతులాభారమున స్థానంవారు ఒకే పల్లవిని మరల మరల పాడుచు, పాడినప్పుడెల్ల గర్వమో, అనురాగమో, అనుమానమో వేఱొక భావమును మొగమున నిలుపువారని, చూచినవారు చెప్పుకొనిరి. అదే సత్యభామను ముత్తరాజు సుబ్బారావుగారి నాటకము నుండి వెండితెరకు తెచ్చిన 1966 నాటి చిత్రమున ధరించిన జమునగారు పెరిగినది దుగ్గిరాలలో, అనగా తెనాలికి కూతవేటు దూరమున. బుంగమూతి అను తెలుగుమాటకు చిత్రము కావలసినవారు నిఘంటువు వెదకనక్కఱలేదు. ఆ సినిమా చూచిన చాలును. రేపల్లె సంగతి వేఱు. కృష్ణుడు పెరిగిన గొల్లపల్లెను మన కవులు వ్రేపల్లె అనిరి గనుక, మన బండి చివఱి స్టేషనునకు ఆ పేరుండుటచేత, కొంటెనవ్వునకు ఆ ఊరివారు హక్కు చెప్పుకొన్నను నేను కాదనను.

తెనాలివారి హక్కు మాత్రము కథలలో పాతుకొన్నది. వేయి తలలతో కాళి ప్రత్యక్షము కాగా రామకృష్ణుడు భయపడుటకు మాఱుగా నవ్వి, ఒక ముక్కునకు జలుబు చేసినచో రెండు చేతులు చాలవే, వేయి ముక్కులకు చేసిన ఏమి చేయుదువు తల్లీ అని అడిగినాడనియు, ఆమె నవ్వి వికటకవివి కమ్మనినదనియు పిల్లలకు సైతము తెలియును. వికటము అనగా వంకరయైనది, వికృతమైనది. భయంకరమగు మొగమునకు వాడు మాట. దేవతమొగము వికటమై ఉండగా బిరుదు కవికి వచ్చినది! ఎటునుండి చదివినను ఒకటియే యగు ఆ వికటకవి అను మాట అద్దమువంటిదని కూడ గమనింపవచ్చును. దేవిని చూచి నవ్విన నవ్వు ఏ కోవకు చెందునో, స్మితమో ఉపహసితమో, కథ చెప్పదు. తెలుగున చెప్పిన కథ గనుక చెప్పనక్కఱలేక పోయినది.

1963లో అమెరికాలోని వూస్టరు పట్టణమున హార్వీ బాల్ అను చిత్రకారుడు ఒక బీమా కంపెనీ ఉద్యోగుల ఉత్సాహము కొఱకు గుండ్రని పసుపుపచ్చని నవ్వుమొగమును గీచెను. నేడు అట్టి బొమ్మయే మన ఫోనులలో రోజుకు పదిమార్లు చేతులు మాఱుచున్నది. అరదళము పూసిన వేషధారి మొగము నాకు దానిలో కనబడును. కాని దాని పెదవి ఎల్లప్పుడును ఒకే వంపుననుండును, చెక్కిలి వికసింపదు. బొమ్మ పంపినవారు మనలను చూచి నవ్విరో, మనకై నవ్విరో అను సందేహము అక్కడను తీఱలేదు. స్మైల్ అను మాట వచ్చినను, రేపల్లె బండిలోని ఆ మరదలి చిక్కు ఊరక చోటు మాఱినది.

ఇది వ్రాయుటకు కూర్చుండుటకు ముందు మా ముందుగదిలోని పటమును దించి, దుమ్ము తుడిచి, కిటికీ దగ్గఱ పెట్టుకొని చూచితిని. తాతగారి పండ్లు కనబడుట లేదు. పెదవులు కదలలేదు. కుడి చెక్కిలి మాత్రము కొంచెముగా ఉబ్బియున్నది. కండ్ల కొనలలో మూడు ముడుతలున్నవి. ఆ దినమున ఆయన నవ్వలేదని మా యింట ఇప్పటికిని చెప్పుకొందురు. నా లెక్కలో ఆ పటమున సరిగా నవ్వినవాడు ఆయన ఒక్కడే.